అమ్మ లంగా బొందు గురించి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. పిల్లల చదువులు, పొలం కబుర్లు అన్నీ ఒక ఎత్తు, చివర్లో "అమ్మకి నడుము దగ్గర దురద, నల్లమచ్చ, ఏదో మందు రాస్తోంది" అన్న ఆ ఒక్క ముక్క ఒక ఎత్తు. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మా అమ్మకీ అక్కడే మొదలైంది, కుడివైపు, ముడి పడే చోట.

తామర అనుకుని మందుల దుకాణంలో ఇచ్చిన గొట్టం మందు రెండేళ్లు రాసింది. రాసినన్నాళ్లు తగ్గేది, మానితే రెట్టింపయ్యేది. అందులో స్టెరాయిడ్ ఉందని మాకు తర్వాత గానీ తెలియలేదు. చివరికి చర్మవైద్యురాలు మచ్చతో పాటు లంగా కూడా చూపించమన్నారు. సన్నటి బొందు, నలభై ఏళ్లుగా ఒకే చోట బిగింపు, చెమట, రాపిడి. ఇంక చర్మం ఏం తట్టుకుంటుంది చెప్పు?

నిన్ను భయపెట్టాలని కాదు గానీ ఒక మాట దాచలేను. ధోవతి కట్టు దగ్గర వచ్చే క్యాన్సర్ గురించి మన వైద్యులు 1945లోనే రాశారు. చీర కట్టేవాళ్లలోనూ అది కనిపించింది. 2024లో వార్ధా, బీహారు వైద్యులు లంగా బొందు చోట ఇదే క్యాన్సర్ వచ్చిన ఇద్దరు పెద్దావిడల సంగతి ప్రచురించారు. ఒకామెకు 70 ఏళ్లు, నడుము మీద పుండు 18 నెలలు మానలేదట. ఇది చాలా అరుదు. అయినా అమ్మకి మచ్చ పుండైందేమో, మానకుండా ఉందేమో ఈరోజే చూడు. అలా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించు, చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు.

ఇక లంగాల సంగతి. "బొందు బిగిస్తేనే కదరా కుచ్చిళ్లు నిలిచేది" అని మా అమ్మ మొదట ససేమిరా అంది. దర్జీ చేత బొందు తీయించి, నాలుగు వేళ్ల వెడల్పున మెత్తటి నూలు పట్టీ కుట్టించాను. బరువు ఒకే గీత మీద పడకుండా నడుమంతా పరుచుకుంటుంది. కుచ్చిళ్లు నిలిచాయి, అమ్మ మనసూ మారింది. హుక్కు వెనక గుడ్డ వేయించడం మరిచిపోకు. నా బొడ్డు కింద దద్దుర్లకు కారణం ప్యాంటు గుండీలోని నికెల్ అనే లోహమని, వీపుకి పట్టీలు అంటించి రెండు రోజులకు తీసి చూసే పరీక్షలోనే తేలింది.

సాటిన్, పాలిస్టర్ లంగాలు మాన్పించు. వాటికి వేసే డిస్పర్స్ రంగులు, ముఖ్యంగా ముదురు నీలాలు, దారాన్ని గట్టిగా పట్టుకోవు. చెమటకు ఊడి ఒంటికి అంటుతాయి. లేతరంగు నూలువి కొని, రెండుసార్లు ఉతికాకే కట్టుకోమను. ఎలాస్టిక్ ఉన్నవాటికి బ్లీచింగ్ తగలనివ్వకు, అది రబ్బరులోని రసాయనాలను మరింత చేటుగా మారుస్తుంది. రాత్రిళ్లు వదులుగా నైటీ వేసుకుంటే నడుముకి ఊరట.

అమ్మ నడుము చుట్టుకొలత, లంగా పొడవు రాసి పంపు. మా దర్జీ చేత రెండు కుట్టించి బస్సులో వేస్తాను.

నీ మిత్రుడు