సూపర్‌మ్యాన్‌ను పుట్టించింది ప్రచురణ సంస్థ కాదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలోని పిల్లల పేజీలో సూపర్‌హీరో కామిక్ పుస్తకాల తొలి రోజుల మీద అచ్చయిన బిట్ల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మా కావలిలోని ఒక పాఠశాల వారు ఆ బిట్లను ఉన్నవి ఉన్నట్లుగా తీసుకొని పిల్లలకు క్విజ్ పెట్టారు. సూపర్‌మ్యాన్‌ను సృష్టించినది ఎవరన్న ప్రశ్నకు ఏడో తరగతి చదువుతున్న మా మనవరాలు జెర్రీ సీగెల్, జో షూస్టర్ అని రెండు పేర్లు రాసింది. మీ పేజీలో జవాబుగా ఇచ్చినది ప్రచురణ సంస్థ పేరు కనుక ఆమె జవాబు తప్పన్నారు. ఒక మార్కు పోయినందుకు నేను కలం పట్టలేదు. సరైన జవాబు రాసిన పిల్ల చేత దాన్ని కొట్టించి, సంస్థ పేరును నోటు పుస్తకంలో మూడుసార్లు రాయించారని తెలిసి ఊరుకోలేకపోయాను.

నేను తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమించుకొన్నదానిని. కామిక్కుల గురించి నీకేం తెలుసని ఎవరైనా అడగవచ్చు. మా తమ్ముడు మద్రాసులో చదువుకొనే రోజుల్లో మూర్ మార్కెట్టులో పాత పుస్తకాల వాళ్ల దగ్గర అమెరికా బొమ్మల పుస్తకాలు కొని, సెలవులకు రైలెక్కినప్పుడల్లా సంచినిండా తెచ్చేవాడు. వాటిని చదివే ఇంగ్లీషు నేర్చుకొన్నానని చెప్పడానికి నాకు సంకోచం లేదు. ఆ కథల వెనుక ఉన్న మనుషుల గురించి అప్పటి నుంచి దొరికినదల్లా చదువుతూనే ఉన్నాను.

సీగెల్, షూస్టర్ ఇద్దరూ 1914లోనే పుట్టారు. యూదు కుటుంబాల పిల్లలు. షూస్టర్ పుట్టినది కెనడాలోని టొరంటోలో అయినా, ఇద్దరూ కలిసినది అమెరికాలో ఒహాయో రాష్ట్రపు క్లీవ్‌లాండ్ నగరంలో, గ్లెన్‌విల్ హైస్కూలులో. ఒకరు కథ రాసేవారు, మరొకరు బొమ్మ గీసేవారు. 1933లో తామే అచ్చు వేసుకొన్న చిన్న పత్రికలో వారు తొలిసారి సూపర్‌మ్యాన్ అన్న పేరు వాడినప్పుడు ఆ పాత్ర బట్టతల దుష్టుడు. లోకాన్ని కాపాడే వీరుడిగా అతడు మారడానికి ఇంకొంత కాలం పట్టింది. ఆ వీరుడి కథను దినపత్రికల్లో రోజువారీ బొమ్మల వరుసగా వేయించాలని వారు ఏళ్ల తరబడి తిరిగారు. తిరస్కారాలే మిగిలాయి. చివరికి 1938లో ఒక కొత్త కామిక్ పుస్తకానికి సరుకు కావలసివచ్చినప్పుడు, పత్రికల కోసం గీసి పెట్టుకొన్న ఆ బొమ్మలనే కత్తిరించి పుస్తకం పేజీల కొలతకు అతికించి పంపారు. అదే యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక. వెల 10 సెంట్లు. దాని మీద జూన్ నెల అచ్చయి ఉన్నా ఏప్రిల్‌లోనే అంగళ్లకు వచ్చింది. మన వారపత్రికలు ముందు తారీఖు వేసుకొని రావడం వంటిదే అది. మీ బిట్లలో జూన్‌లో వెలువడినదని రాశారు. ఈ తేడా చిన్నదే కనుక దాని మీద పట్టుపట్టను.

నేను పట్టుపట్టేది డబ్బు లెక్క మీద, పేర్ల మీద. ఆ తొలి కథ 13 పేజీలు. పేజీకి 10 డాలర్ల చొప్పున 130 డాలర్లు ఇచ్చి, ఆ పాత్ర మీద సర్వహక్కులనూ ప్రచురణకర్తలు రాయించుకొన్నారు. 1938 మార్చి 1వ తేదీ వేసిన ఆ చెక్కు నేటికీ ఉంది. ఇతర పనులకు రావలసినది కూడా కలిపి మొత్తం 412 డాలర్లకు రాసిన ఆ చెక్కు మీద ఇద్దరి పేర్లూ తప్పుగా పడ్డాయి. అందువల్ల వారు దాని వెనుక తప్పు పేరుతో ఒకసారి, సరైన పేరుతో ఒకసారి సంతకాలు చేయవలసివచ్చింది. 2012లో ఆ కాగితం ముక్క ఒక్కటే వేలంలో 1,60,000 డాలర్లు పలికింది. హక్కులు అమ్మితే వచ్చిన సొమ్ముకు అది వెయ్యి రెట్లకు పైమాటే.

1947లో ఆ ఇద్దరూ హక్కుల కోసం కోర్టుకు వెళ్లారు. మరుసటి ఏడు సుమారు 94,000 డాలర్లకు రాజీ కుదిరి సూపర్‌మ్యాన్ హక్కులు శాశ్వతంగా వదులుకోవలసివచ్చింది. అప్పటి దాకా కథల మీద అచ్చవుతూ వచ్చిన వారి పేర్లు ఆపైన కనిపించకుండా పోయాయి. షూస్టర్ చూపు మందగించింది. సీగెల్ గుమాస్తాగా టైపు కొట్టుకొని బతికాడు. వారి దుస్థితి లోకానికి తెలిసేలా నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ అనే చిత్రకారులు పూనుకొని గట్టిగా ప్రచారం చేసిన మీదట, 1975 చివర్లో సంస్థ దిగివచ్చి ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్ల భృతితో పాటు, సృష్టికర్తలుగా వారిద్దరి పేర్లు వేయడానికి ఒప్పుకొంది. అంటే, మా మనవరాలు రాసిన జవాబును ఆ సంస్థే అయిదు దశాబ్దాల కిందట అచ్చులో ఒప్పుకొంది. సంస్థ ఒప్పుకొన్న జవాబును మన బిట్ల పుస్తకాలు ఇంకా తప్పంటున్నాయి.

బ్యాట్‌మ్యాన్ గురించిన బిట్టులో మీరు మనిషి పేరే ఇచ్చారు, సంతోషం. కానీ ఒక్క పేరే ఇచ్చారు. 1939 మే నెల డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికలో వచ్చిన ఆ పాత్రకు తొలి ఊహ బాబ్ కేన్‌దే. అయితే అతడు మొదట గీసినది ఎర్రటి దుస్తులు, కళ్లకు చిన్న ముసుగు, వీపున బిగుసుకొని ఉన్న రెక్కలు గల మనిషిని. చెవులతో కూడిన తలతొడుగు, రెక్కలకు బదులు గాలికి ఎగిరే అంగవస్త్రం, బూడిద రంగు, చేతి తొడుగులు, ఆ వీరుడి అసలు పేరైన బ్రూస్ వేన్, తొలి కథ, ఇవన్నీ బిల్ ఫింగర్ అనే రచయితవి. ఫింగర్ 1974లో తన పేరు లేకుండానే చనిపోయాడు. మార్క్ టైలర్ నోబుల్‌మన్ అనే రచయిత ఆయన వివరాలన్నీ వెదికి తీశాడు. ఫింగర్ మనవరాలు ఎథీనా తాత పేరు కోసం గట్టిగా నిలబడింది. 2015లో గాని బాబ్ కేన్ పేరు సరసన ఆయన పేరు అధికారికంగా చేరలేదు. అంటే 76 ఏళ్లు. ఈ ప్రశ్నకు ఒక్క పేరు చాలనడం 2015కు ముందైతే తెలియక చేసిన పొరపాటు అనుకోవచ్చు.

ఇక్కడ తెలుగు ఉపాధ్యాయురాలిగా ఒక మాట చెప్పుకోవాలి. మా కావలికి దగ్గరలోనే గుడ్లూరు ఉంది. నన్నయ విడిచిన ఆరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎర్రన, దాన్ని నన్నయ రచనే అన్నట్లుగా, రాజరాజ నరేంద్రుడికే అంకితంగా ముగించాడు. అయినా చివరి పద్యంలో, పాకనాటిలో నీలకంఠేశ్వరుడు వెలసిన గుడ్లూరు నెలవుగా గల ఎర్రన దీన్ని పూరించాడని తల్లిదండ్రుల పేర్లతో సహా నమోదు చేశాడు. పెద్దాయన పేరును పైన నిలిపి కూడా, పని ఎవరిదో దాచలేదు. ఏ పద్యంతో నన్నయ రచన ఆగిందో, ఎక్కడ ఎర్రన అందుకొన్నాడో ఈ నేల మీద పదో తరగతి పిల్లలకు కూడా చెప్పి పెంచాం. అటువంటి చోట, పుస్తకం రాసినవాణ్ని వదిలి దాన్ని అచ్చు వేసినవాణ్ని కర్త అనడం నాకు మింగుడుపడడం లేదు.

ఆడపిల్లలు చదివే పేజీ కనుక వండర్ ఉమన్ సంగతి కూడా సరిగా చెప్పవలసి ఉంది. విలియం మౌల్టన్ మార్స్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1941లో ఆమెను సృష్టించాడని మీరు రాసినది నిజమే; అబద్ధం చెప్పేటప్పుడు రక్తపోటులో వచ్చే మార్పును పరీక్షించిన వ్యక్తి ఆయనే అన్నదీ నిజమే. ఆమెకు తొలి రూపం గీసిన హెచ్.జి. పీటర్ పేరు మాత్రం మీ పేజీలో లేదు. 1944లో జాయ్ హమ్మెల్ అనే 19 ఏళ్ల అమ్మాయి మార్స్టన్ దగ్గర పనికి చేరి, ఆయన జబ్బుపడ్డ తరువాత ఎన్నో వండర్ ఉమన్ కథలు తానే రాసింది. వాటి మీద ఆమె పేరు లేదు. 2018లో, అప్పటికి తొంభై ఏళ్లు దాటిన ఆమెకు ఒక పురస్కారం ఇచ్చారు. గుర్తింపు దక్కని కథా రచయితల కోసం నెలకొల్పిన ఆ పురస్కారం ఉన్నది బిల్ ఫింగర్ పేరిటే.

మిగిలిన బిట్లలో సవరించవలసినవి రెండున్నాయి. సూపర్‌మ్యాన్ మొదటి సంచిక నుంచే ఎగిరేవాడని రాశారు. ఆ సంచికలో అతడు ఎగరడు, లంఘిస్తాడు. మైలులో ఎనిమిదో వంతు దూకగలడని, 20 అంతస్తుల భవనాన్ని దాటగలడని అందులో రాసి ఉంది. సముద్రాన్ని లంఘించిన హనుమంతుడి కథ వింటూ పెరిగిన మన పిల్లలకు ఈ తేడా ఇట్టే అర్థమవుతుంది. రేడియో నాటకాలు, సినిమా కార్టూన్లు వచ్చాకనే అతడికి ఎగరడం అలవాటైంది. అతణ్ని నీరసపరిచే క్రిప్టోనైట్ రాయి కూడా 1943లో రేడియోలో పుట్టి, 1949లో గాని పుస్తకంలోకి రాలేదు. ఇక, హిట్లర్ దవడ మీద గుద్దుతున్న కెప్టెన్ అమెరికా ముఖచిత్రం అమెరికా యుద్ధంలోకి దిగాక వచ్చినదని రాశారు. దాని మీద 1941 మార్చి అని ఉన్నా అది అంగళ్లకు చేరినది 1940 డిసెంబరులో; పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగినది మరుసటి డిసెంబరు 7న. దేశం ఇంకా తటస్థంగా ఉన్నప్పుడే జో సైమన్, జాక్ కిర్బీ అనే ఇద్దరు యూదు యువకులు హిట్లర్‌ను ముఖచిత్రం మీద కొట్టించారన్నదే ఆ బొమ్మలోని తెగువ. తేదీ మార్చితే ఆ తెగువ మాయమవుతుంది. కిర్బీ ఇంటి పేరు నిజానికి కుర్ట్స్‌బర్గ్. బాబ్ కేన్ పుట్టినప్పుడు రాబర్ట్ కాన్, స్పైడర్‌మ్యాన్ కథలు రాసిన స్టాన్ లీ పుట్టినప్పుడు స్టాన్లీ లీబర్. యూదుల పేర్లకు చాలా తలుపులు మూసుకొని ఉన్న కాలంలో, ఆ రంగంలోని ఎందరో పేర్లు మార్చుకొని పనిచేశారు. అలా పెట్టుకొన్న పేర్లను కూడా మనం తుడిచివేయకూడదు.

యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ప్రతి ఒకటి 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయిందన్న బిట్టు సరైనదే. అంత ధర ఎందుకో కూడా చెప్పి ఉంటే బాగుండేది. యుద్ధకాలంలో చిత్తు కాగితాల సేకరణకు పిల్లలు తమ కామిక్కులను మోపులు కట్టి ఇచ్చేయడం అందుకు ఒక కారణం. ఈనాడు మిగిలినవి సుమారు వంద ప్రతులేనని అంచనా. మా తమ్ముడు తెచ్చినవి కూడా ఇల్లు మారినప్పుడు పాత పేపర్ల బండి మీద తూకానికి వెళ్లిపోయాయి. అవి అంత విలువైనవి కావు గాని, నాకు ఇప్పటికీ గుర్తుకు వస్తుంటాయి.

నా మనవి ఇంతే. వచ్చే ఆదివారం పిల్లల పేజీలో సవరణ వేయండి. సూపర్‌మ్యాన్: జెర్రీ సీగెల్, జో షూస్టర్. బ్యాట్‌మ్యాన్: బాబ్ కేన్, బిల్ ఫింగర్. వండర్ ఉమన్: విలియం మౌల్టన్ మార్స్టన్, హెచ్.జి. పీటర్. ఇకముందు బొమ్మల పుస్తకాల మీద బిట్లు వేసినప్పుడల్లా రాసినవారి పేరూ, గీసినవారి పేరూ రెండూ ఇవ్వండి. ఆ సవరణను కత్తిరించి పాఠశాలలో చూపించాలని మా మనవరాలు జిగురు సీసా పక్కన పెట్టుకొని కూర్చొంది.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
కావలి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.