సూరీ, నీ నవల్లో బాంబు తొందరపడింది

ఒరేయ్ సూరీ,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివేశాను. బాగుందని చెప్పి ఊరుకుంటే నమ్మవు, బాగాలేదంటే వారం రోజులు మాట్లాడవు, అందుకే ఉన్నదున్నట్టు రాసేస్తున్నా, కాఫీ పెట్టుకుని కూర్చో.

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల భయంతో ఇళ్లు వదిలించి పల్లెలకి పంపేసిన లండన్ పిల్లల మీద తెలుగులో నవలేంటని మీ అన్నయ్య వెక్కిరించాడన్నావు కదా, వెక్కిరించనీ. అమ్మానాన్నల్ని వదిలి ఎవరి పంచనో ఉండాల్సి రావడం ఏ ఊరి పిల్లలకైనా అర్థమవుతుంది, హాస్టల్లో చదువుకున్న మనకి తెలియదా ఏంటి.

నా అసలు పేచీ మొదటి పేజీతోనే. బాంబు పడి మేరీ ఇల్లు కూలిపోవడం, ఆ పొగలోంచి తమ్ముణ్ణి లాక్కుని స్టేషన్‌కి పరుగెత్తడం... ఊపుగానే ఉంది, కాదనను. కానీ పిల్లల్ని పంపడం మొదలైంది 1939 సెప్టెంబర్ 1న. బ్రిటన్ యుద్ధం ప్రకటించిందే 3న! ఒక్క బాంబూ పడకముందే, ఎండ కాస్తున్న మామూలు రోజున, మూడు నాలుగు రోజుల్లో దాదాపు 15 లక్షల మందిని ఊళ్లు దాటించారు. అందులో సగానికి పైగా బడిపిల్లలే, టీచర్ల వెంట వెళ్లారు. కోటుకి పేరు రాసిన చీటీ, భుజాన గ్యాస్ మాస్క్ పెట్టిన అట్టపెట్టె. (పాడింగ్టన్ ఎలుగుబంటి మెడలో చీటీ ఉంటుంది చూడు, దాన్ని రాసిన మైకేల్ బాండ్‌కి ఆ ఊహ ఈ పిల్లల్ని చూసే వచ్చిందట.) ఎక్కడికి తీసుకెళ్తున్నారో తల్లులకీ తెలియదు. పిల్లలు చేరాక ఒక కార్డు రాస్తే అప్పుడు తెలిసేది. ఆ కార్డు వచ్చేదాకా మేరీ వాళ్లమ్మ ఆ ఖాళీ ఇంట్లో ఏం చేస్తూ ఉంటుందో రాయరా, బాంబు కంటే భయంగా ఉంటుంది.

పైగా ఆ తర్వాత నెలల తరబడి ఏమీ జరగలేదు. విమానాల్లేవు, బాంబుల్లేవు. పంపడం బలవంతం కాదు కదా, తల్లిదండ్రుల ఇష్టమే, దాంతో 1940 జనవరికల్లా వెళ్లినవాళ్లలో దాదాపు సగం మంది ఇళ్లకి తిరిగొచ్చేశారు. లండన్ మీద రాత్రిళ్లు వరసగా బాంబులు పడటం మొదలైంది ఆ ఏడు సెప్టెంబర్ 7న. ఇప్పుడు నీ కథని ఇలా మార్చి చూడు. క్రిస్మస్‌కి చూడ్డానికొచ్చిన అమ్మ తమ్ముడి ఏడుపు తట్టుకోలేక వాణ్ణి తనతో తీసుకెళ్లిపోతుంది, మేరీ మాత్రం ఉండిపోతుంది. తొమ్మిది నెలలు మేరీకి తమ్ముడంటే కుళ్లు. ఆ తర్వాత రేడియోలో లండన్ వార్తలు. ఇంతకంటే నీకేం కావాలి?

ఇక వచ్చిన పిల్లల్ని ఇళ్లకి పంచే ఊరి హాల్లో సీను. అరపేజీలో తేల్చేశావు! ఒక మంచి ముసలావిడ వచ్చి ఇద్దర్నీ గుండెలకి హత్తుకుంది, అయిపోయింది. అక్కడ మామూలుగా జరిగేది, పిల్లల్ని వరసగా నిలబెడితే ఊరివాళ్లొచ్చి చూసి, నాకు ఆ పిల్ల కావాలి, నాకు ఆ పిల్లాడు అని ఏరుకోవడం. తర్వాత పెద్దయ్యాక చాలామంది పశువుల సంతతో పోల్చారు దాన్ని. పొలం పనికి పనికొచ్చే మగపిల్లలు ముందు వెళ్లిపోయేవాళ్లు, ముద్దుగా ఉన్న ఆడపిల్లలూ అంతే. మాసిన బట్టలతో ఉన్నవాళ్లు, విడిపోమని మొండికేసిన అక్కాతమ్ముళ్లు చివరిదాకా మిగిలిపోయేవాళ్లు. మేరీని మిగల్చు. హాలు ఖాళీ అవుతున్నకొద్దీ ఆ పిల్ల మనసులో ఏం లెక్కలు వేసుకుంటుందో రాయి. 'తమ్ముడు లేకపోతే నన్ను ఎవరైనా తీసుకునేవాళ్లేమో' అనే ఆలోచన ఒక్క క్షణం రానీ. పిల్లల పుస్తకం కదా, అలాంటివి ఎందుకంటావని తెలుసు. పిల్లలకి అలాంటి ఆలోచనలు రావా ఏంటి?

రొట్టె ముక్కలు లెక్కపెట్టి పెట్టే ఆ ఇంటావిడ మాత్రం మరీ సినిమా గయ్యాళి. ఆవిడ వైపు కూడా కాస్త చూడరా. ఒక్క పిల్లనైతే వారానికి పది షిల్లింగుల ఆరు పెన్నీలు, ఇద్దరైతే తలకి ఎనిమిది షిల్లింగుల ఆరు పెన్నీలు ప్రభుత్వం ఇచ్చేది. చాలదని ఇళ్లవాళ్ల గోల. ఇంట్లో ఖాళీ గది ఉంటే కాదనడానికీ లేదు, జరిమానా వేస్తారు. వచ్చిన పిల్లల తలలో పేలు, బెంగతో రాత్రి పక్క తడిపేయడం, రోజూ దుప్పట్లు ఉతుక్కోవడం. అప్పటి పేపర్ల నిండా ఈ గొడవే. ఆవిడ లెక్కలు చూసుకునే మనిషే కానీ, మేరీ పక్క తడిపినరోజు ఎవరికీ చెప్పకుండా దుప్పటి మార్చేసిందనుకో, అప్పుడు పాఠకుడికి ఆవిణ్ణి ఎక్కడ పెట్టాలో తెలియదు. నీనా బౌడెన్ నవల 'క్యారీస్ వార్' చదివావా? ఆవిడ తనే అలా వేల్స్‌కి వెళ్లిన పిల్ల, అందుకే అందులో పెద్దవాళ్లు అంత తేలిగ్గా మంచి చెడుల్లోకి సర్దుకోరు. నార్నియా కథలో పిల్లలు కూడా లండన్ బాంబులకి భయపడి పంపినవాళ్లే, కాకపోతే వాళ్లకి మాయాలోకంలోకి దారితీసే బీరువా దొరికింది.

చిన్న సంగతి: నీ రెండో అధ్యాయంలో సెప్టెంబర్‌లోనే చక్కెర రేషన్ పెట్టేశావు. అది 1940 జనవరి 8న మొదలైంది, సరిచెయ్.

నాలుగో అధ్యాయంలో మేరీని కెనడా ఓడ ఎక్కిస్తానన్నావు. జాగ్రత్తరోయ్. 'సిటీ ఆఫ్ బెనారస్' అనే ఓడ, మన కాశీ పేరే, పిల్లల్ని విదేశాలకి పంపే ప్రభుత్వ పథకం కింద 90 మంది పిల్లలతో వెళ్తూ 1940 సెప్టెంబర్ 17 రాత్రి జర్మన్ సబ్‌మెరైన్ దెబ్బకి మునిగింది. 77 మంది పిల్లలు పోయారు. ఆ దెబ్బతో ప్రభుత్వం విదేశాలకి పిల్లల్ని పంపడమే ఆపేసింది. ఒక లైఫ్‌బోట్ అట్లాంటిక్‌లో ఎనిమిది రోజులు తిరిగింది. అందులో ఆరుగురు అబ్బాయిలు, వాళ్లకి తోడుగా వచ్చిన మేరీ కార్నిష్ అనే పియానో టీచరు ఉన్నారు. ఆవిడ వాళ్ల కాళ్లు రుద్దుతూ కథలు చెప్పి నిలబెట్టింది. అదే పడవలో ఎక్కువమంది అప్పటి ఇండియా నావికులే, కానీ ఆ సంగతి చెప్పేటప్పుడు వాళ్లని ఎవరూ తలుచుకోరు. నాకు దాని మీద కాస్త మంటగానే ఉంది. మేరీని ఆ ఓడ ఎక్కించకు, ఆ కథ విడిగా రాయి, అందులో ఒక నావికుణ్ణి పెట్టు.

అది కూడా అయ్యాక, మనది. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక అక్కణ్ణుంచి బయల్దేరిన తెలుగువాళ్లు, 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు వచ్చాక ఊళ్లు వదిలి వెళ్లిన జనం. అక్కడ చీటీలూ లేవు, రైళ్లలో టీచర్లూ లేరు. మీ బామ్మ వైజాగ్ వాళ్లే కదా, వాళ్ల వైపు పెద్దవాళ్లెవరైనా ఉంటే ఇప్పుడే అడిగి రాసుకో.

ముందు ఆ మొదటి పేజీ చింపేయ్. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను, ఎత్తకపోతే మీ ఆవిడకి చేస్తాను.

నీ
ప్రసాద్

తా.క.: తమ్ముడికి ఇంకా పేరు పెట్టలేదేంట్రా? మూడు అధ్యాయాలుగా వాడు "తమ్ముడు" గానే ఉన్నాడు.