విద్యార్థుల తల్లిదండ్రుల సంఘం, విశాఖపట్నం: 2024-25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన తల్లిదండ్రులందరికీ నమస్కారాలు.

బెదిరింపులు, వేధింపులు, గంజాయి జాడ వంటివి కంటబడినప్పుడు పిల్లలు తమ పేరు బయటపడకుండా పెద్దలకు తెలియజేయగలగాలన్న మన తీర్మానం మేరకే ఈ ఏడాది పని సాగింది. ఇది లేనిపోని భయమని కిందటి సమావేశంలో కొందరన్నారు. అమెరికాలో 1974 నుంచి 2000 వరకు బడుల్లో జరిగిన 37 దాడులను పరిశీలించి అక్కడి సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ 2002లో ఇచ్చిన నివేదిక ప్రకారం, నూటికి 81 ఘటనల్లో దాడి ఆలోచన కనీసం ఒకరికి ముందే తెలుసు. ఆ తెలిసినవారిలో అత్యధికులు తోటి పిల్లలే. 1999లో కొలంబైన్ హైస్కూల్లో జరిగిన కాల్పుల ఘోరం తరువాత కొలరాడో రాష్ట్రంలో సేఫ్‌టుటెల్ అనే, పేరు చెప్పకుండానే కబురందించే సమాచార లైను వచ్చింది కూడా ఇందుకే. మనకు తుపాకుల బెడద లేకపోవచ్చు గాని, తెలిసీ నోరు విప్పలేని పిల్లలు మన బడుల్లోనూ ఉన్నారు.

ఒక బడిలో ఫిర్యాదుల పెట్టెను ప్రధానోపాధ్యాయుల గది ముందు, సరిగ్గా సీసీ కెమెరా కింద తగిలించారు. నెలల తరబడి అందులో ఒక్క చీటీ పడలేదు. మన సభ్యులు నచ్చజెప్పి దాన్ని మంచినీళ్ల కుళాయిల పక్కకు మార్పించాక చీటీలు రావడం మొదలైంది. ఎవరి రాతో పోల్చుకోకుండా ఎడమ చేత్తో రాసినట్టున్న వంకర అక్షరాలతో, ఏడో తరగతి పిల్లల దగ్గర డబ్బులు గుంజుతున్న పెద్ద పిల్లల సంగతి ఒక చీటీలో వచ్చింది. బడివారు రాసిందెవరని ఆరా తీయకుండానే దాన్ని చక్కదిద్దినందుకు వారికి సంఘం కృతజ్ఞతలు.

బాలల దినోత్సవం నాడు కంచరపాలెంలో జరిపిన సభ ఈ ఏటికే మకుటం. పిల్లల సహాయ లైను 1098కి ఎప్పుడు ఫోన్ చేయాలో, గంజాయి అమ్మకాల సమాచారం 1972 నంబరుకు ఎలా చెప్పాలో పిల్లలే నాటిక కట్టి చూపితే, హాలు చాలక తల్లులు వరండాలో నిలబడి చూశారు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలపడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం విధి అనీ, పెట్టెలో చీటీ వేయించి ఊరుకుంటే ఆ విధి తీరదనీ విడమరిచి చెప్పిన న్యాయవాది గారికి, షామియానా ఉచితంగా వేయించిన సభ్యులకు, నాటిక నేర్పిన విశ్రాంత ఉపాధ్యాయినికి ధన్యవాదాలు.

వస్తామని మాట ఇచ్చిన అధికారి సభకు రాలేదు, కబురైనా పంపలేదు. అంతకంటే బాధించినది మనవాళ్ల తీరు. పెట్టెలు తెరిచే వంతుల పట్టికలో ఉత్సాహంగా పేర్లు రాయించుకున్నవారిలో చాలామంది దసరా సెలవుల తరువాత మళ్లీ కనిపించలేదు. చీటీ వారంపాటు పెట్టెలోనే ఉండిపోతే, రాసిన పిల్లవాడు రెండోసారి రాయడు.

ఆదాయ వ్యయాల పట్టిక తనిఖీ పూర్తయి సభ్యులకు అందింది. కోశాధికారి గారికి అభినందనలు.

వంతులకు రాలేనివారు తమ పేర్లు ఈ సమావేశంలోనే తీయించుకోవాలని, ప్రతి పెట్టెనూ ఒక తల్లి, ఒక ఉపాధ్యాయురాలు కలిసి రోజూ తెరిచేలా కొత్త పట్టికను ఆమోదించాలని సభను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి