41వ కీర్తన, పక్క మంచం పెద్దమ్మ, మా కృతజ్ఞతలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

నిన్న సాయంత్రం ఇంటికొచ్చాం. మావారు వాకర్ పట్టుకుని హాల్లోంచి వంటగది దాకా నడిచారు. ఇన్నాళ్ళూ మీ ఫోన్లు ఎత్తలేకపోయాను, మెసేజ్‌లు చూడలేకపోయాను. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేదు, అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. సగం నిద్రలో రాస్తున్నా, వరస తప్పితే సర్దుకుని చదవండి.

అసలేమైందని చాలామంది అడిగారు. ముందు రెండు మూడు రోజులు విరేచనాలు. తగ్గాయనుకున్నాక కాళ్ళు తిమ్మిర్లు, తర్వాత మెట్లెక్కలేకపోవడం, ఆ తర్వాత లుంగీ కూడా తనంతట తాను కట్టుకోలేకపోవడం. వెన్నులోంచి నీళ్ళు తీసి, నరాల పరీక్ష చేసి జీబీఎస్ (గిలన్-బారే సిండ్రోమ్) అన్నారు. ఒంట్లో రోగాన్ని ఎదిరించాల్సిన శక్తే తిరగబడి సొంత నరాలను దెబ్బతీసే జబ్బట. కాళ్ళ దగ్గర మొదలై పైకి పాకుతుంది. ఛాతీ దాకా వస్తే ఊపిరి కష్టం. అందుకే డాక్టర్లు వచ్చినప్పుడల్లా ‘ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో లెక్కపెట్టండి’ అనేవాళ్ళు. ఆయన ఒకటి, రెండు అని మొదలుపెట్టగానే నా గుండె ఆగినంత పనయ్యేది. ఒకరోజు పన్నెండు దగ్గర ఆగిపోయారు. అయినా వెంటిలేటర్ దాకా పోలేదు. దేవునికి స్తోత్రం.

మందు పేరు ఇమ్యునోగ్లోబ్యులిన్. కేజీ బరువుకు 2 గ్రాముల లెక్కన, 5 రోజుల్లో పంచి ఎక్కిస్తారు. మావారు 60 కేజీలు, అంటే 120 గ్రాములు. 5 గ్రాముల సీసాలైతే 24. ఒక్కో సీసా వేలల్లో. ఆసుపత్రి పేరు చెప్పను గానీ, ‘స్టాకు లేదు, బయట తెచ్చుకోండి’ అన్నారు. మా దగ్గర హెల్త్ కార్డు ఉంది. కానీ ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, రేషన్ కార్డులో వెనకుంది. మనిషి ఒకడే, ఫోటో ఒకటే, అయినా అప్రూవల్ రాలేదు. ఈ కౌంటర్‌లో ఆ కౌంటర్‌కి వెళ్ళమంటారు, అక్కడికెళ్తే లంచ్ టైమ్ అంటారు. మంచం మీద మనిషి కాళ్ళు చచ్చుబడుతుంటే నేను జిరాక్స్ షాపు ముందు నిలబడ్డాను. స్కాన్‌కి స్ట్రెచర్ తోయాలన్నా చేతిలో ఏదో ఒకటి పెట్టాల్సిందే. ఎవరి మీదా కంప్లైంట్ ఇవ్వబోవడం లేదు, ఆ ఓపిక కూడా లేదు. అక్కడ పనిచేసేవాళ్ళలో మంచివాళ్ళూ ఉన్నారు, కింద రాస్తాను. కానీ చదువు రాని మనిషి ఒంటరిగా ఆ ఆసుపత్రికొస్తే ఏమైపోతాడో తలచుకుంటేనే భయమేస్తోంది.

చదువు రాని మనిషే నన్ను ఆదుకుంది. ఆమె సంగతి చెప్పడానికే కూర్చున్నాను.

మా పక్క మంచం మీద ఒక కుర్రాడు. ఇల్లు కట్టే పనిలో పైనుంచి పడి నడుం దెబ్బతిన్నాడు. వాళ్ళమ్మ అతనితోనే ఆ వార్డులో ఉంటోంది, మాకంటే చాలాముందు నుంచీ. పల్నాడు వైపు ఊరు, సీజన్‌లో మిరపకాయల తొడిమలు తీసే కూలిపని. నేను పెద్దమ్మా అన్నాను, ఆమె నన్ను అమ్మాయ్ అంది. పేరు రాయను, ఆమెకు ఇలాంటివి నచ్చవు.

మొదటి రాత్రి స్ట్రెచర్ వాళ్ళు డబ్బులడిగారు. నా దగ్గర చిల్లర లేదు, ఫోన్లో ఛార్జింగ్ లేదు. ఆమె మాట్లాడకుండా కొంగు ముడి విప్పి రెండు వందల నోటు తీసి వాళ్ళకిచ్చింది. మర్నాడు తిరిగిస్తే, ‘ఉంచుకో, ఇంకా అడుగుతారులే’ అంది. అడిగారు కూడా.

ఆయన కాళ్ళు కదలవు కదా, మడమలు ఎప్పుడూ పరుపుకి ఒత్తుకునే ఉండేవి. మూడోనాటికి ఎర్రగా కమిలాయి. నాకు అది తోచలేదు, ఆమె చూసింది. సిస్టర్ దగ్గర రెండు చేతి గ్లౌజులు అడిగి తెచ్చి, పంపు దగ్గర నీళ్ళు నింపి, మణికట్టు దగ్గర ముడేసి, ఒక్కో మడమ కింద ఒక్కోటి పెట్టింది. ఐదు వేళ్ళూ ఉబ్బి అది నీళ్ళ దిండులా తయారైంది. ‘మావాడికి మొదట్లో చూసుకోక పుండు పడింది, అమ్మాయ్. ఇంకా మానలా’ అంది. ఆ తర్వాత రోజూ తన కొడుకు పని అయ్యాక మా మంచం దగ్గరికొచ్చి, ఫిజియో సార్ చూపించినట్టే ఆయన మడమను అరచేతిలో పట్టుకుని పాదాన్ని మెల్లగా ముందుకీ వెనక్కీ వంచేది. నేను చేస్తానంటే, ‘నువ్వు కాసేపు పడుకో, పడిపోయేలా ఉన్నావు’ అని కసిరేది. నేను ఏడ్చింది అప్పుడే. జబ్బు పేరు విన్నప్పుడు రాని ఏడుపు, పరాయి మనిషి మావారి కాళ్ళు పట్టుకుంటే వచ్చింది.

రాత్రిళ్ళు నేను బైబిల్లో 41వ కీర్తన చదివేదాన్ని. పాస్టరుగారు ఫోన్‌లో చెప్పారు, ఇది చదువమ్మా అని. ‘బీదలను కటాక్షించువాడు ధన్యుడు’ అని మొదలవుతుంది. మా సంఘంలో క్రిస్మస్ ముందు దుప్పట్లు పంచేటప్పుడు చదివే వచనం. పంచేది మేము, పుచ్చుకునేది ఎవరో. ఈసారి దుప్పటి దగ్గర్నుంచి పుచ్చుకున్నది నేను, ఇచ్చింది రోజుకూలీ. ఆ వచనంలో దేవుడు ధన్యుడన్న మనిషిని నేను కళ్ళారా చూశాను, ఆమె నుదుట రూపాయి బిళ్ళంత బొట్టుంది. మా వాళ్ళలో కొందరికి ఈ మాట మింగుడుపడకపోవచ్చు. పడకపోతే మానె.

రెండో రాత్రో మూడో రాత్రో ఆమే అడిగింది, ‘ఆ మంచం మీద మాట ఉందే, అది గట్టిగా చదువు, మావాడు కూడా వింటాడు’ అని. ‘రోగశయ్యమీద యెహోవా వానిని ఆదరించును’ అన్న మూడో వచనం ఆమె అడిగింది. అప్పటినుంచి రెండు మంచాల మధ్య నిలబడి చదివాను.

ఆ కీర్తన అక్కడితో ఆగదు. చూడ్డానికి వచ్చినవాడు మంచం దగ్గర ఒకటి మాట్లాడి బయటికెళ్ళి ఇంకోటి మాట్లాడతాడని ఉంది. ‘వీడు ఈ పడక మీంచి ఇక లేవడు’ అని చెప్పుకుంటారని ఉంది. ఇంట్లో అన్నం తిన్న స్నేహితుడే తన్నడానికి మడమ ఎత్తాడని ఉంది. మాకూ ఒకాయన ఉన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంట్లోనే భోజనం. మావారు పాడుకున్న చీటీ డబ్బు ఆయన దగ్గరే ఉంది. మందుకి కావాలని అడిగితే ఇదిగో అదిగో అన్నాడు. ఆసుపత్రికొచ్చి మావారి చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశాడు. వరండాలోకెళ్ళి మా తమ్ముడు వింటుండగానే, ‘ఇక లేవడంట, షాపు ఎవరికిస్తారో కనుక్కోండి’ అని ఫోన్లో ఎవరితోనో అన్నాడు. పేరు రాయను. చదివితే ఆయనకే తెలుస్తుంది.

ఆ కీర్తన రాసిన దావీదు రాజు పదో వచనంలో, నన్ను లేపు ప్రభువా, వాళ్ళకు బదులు చెప్తాను అంటాడు. ఆ వచనం నాకు ఇష్టంగానే ఉంది, ఏం చేయను. యేసు ప్రభువు చివరి రాత్రి ఈ కీర్తనలోంచి ఆ మడమ మాటే తీసుకున్నాడు, యోహాను 13లో. అప్పటికే, తనను పట్టివ్వబోయే శిష్యుడు యూదా కాళ్ళు కూడా కడిగేశాడు. ‘నేను నమ్మిన స్నేహితుడు’ అన్న ముక్క మాత్రం పలకలేదు. ముందే తెలిసినవాడు నమ్మి మోసపోయానని ఎలా అంటాడు అని మా పాస్టరమ్మగారు అన్నారు. నేను మాత్రం నమ్మే మోసపోయాను, కాబట్టి నాకు దావీదు మాటే దగ్గర.

కీర్తనలో దావీదు చెప్పిన ఆ స్నేహితుడు అహీతోపెలు అని చాలామంది బోధకులు చెప్తారు. కొడుకు అబ్షాలోము తిరగబడితే దావీదును వదిలేసి అటు వెళ్ళిపోయిన సలహాదారు. రెండో సమూయేలు 17లో అతని చావు ఉంది. అదే అధ్యాయం చివర్లో ఇంకో సంగతి ఉంది, దాన్ని గురించి ప్రసంగం నేనెప్పుడూ వినలేదు. పారిపోయి మహనయీము అనే ఊరు చేరిన దావీదు దగ్గరికి ముగ్గురు వస్తారు, షోబీ, మాకీరు, బర్జిల్లయి. పరుపులు, పాత్రలు, గోధుమలు, యవలు, తేనె, వెన్న తెస్తారు. జనం ఆకలితో, అలసటతో, దాహంతో ఉంటారని తెచ్చారట. ఆ షోబీ అమ్మోనీయుడు, దావీదు జనం కాదు. తన బల్ల దగ్గర కూర్చున్నవాడు పోయాడు, పరుపు మోసుకుని పరాయివాడొచ్చాడు. పెద్దమ్మ గోంగూర పచ్చడి కలిపిన అన్నం ముద్ద నా చేతిలో పెట్టినప్పుడు నాకు ఈ ముగ్గురే గుర్తొచ్చారు.

వచ్చేటప్పుడు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. కొడుకు ఫోన్‌లో ఆ కీర్తన నా గొంతుతో రికార్డు చేసి పెట్టమంది. 13 వచనాలూ చదివాను. మధ్యలో సిస్టర్ ‘ఆరో బెడ్ ఇంజెక్షన్’ అని అరవడం కూడా పడింది, అలాగే ఉంచేయమంది. ఆ కుర్రాడు ఇంకా లేవలేదు. మీ ప్రార్థనల్లో పక్క మంచం కుర్రాడు అని పెట్టుకోండి, దేవునికి తెలుసు ఎవరో.

అమ్మ, అత్తయ్య, తమ్ముడు, మా ఆడపడుచు, మీకు వేరే చెప్పేదేముంది. పిల్లల్ని చూసుకున్నారు, గాజులు తాకట్టు పెట్టారు. అంతే.

పాస్టరుగారికి, ఉపవాస ప్రార్థన చేసిన స్త్రీల సమాజానికి వందనాలు. 24 సీసాల్లో సగం అప్పు మీద ఇచ్చిన మెడికల్ షాపు అబ్బాయికి, ‘మేడమ్, తర్వాత చూద్దాం లెండి’ అన్నందుకు. నైట్ డ్యూటీ సిస్టర్‌కి. ఇంటిపేరు గొడవ తేల్చడానికి తన డ్యూటీ అయ్యాక కూడా కూర్చున్న డెస్క్ అమ్మాయికి, చివరికి అప్రూవల్ వచ్చింది ఆమె వల్లే. ఫిజియో సార్‌కి.

అయ్యో, ఆటో బాబాయిని మర్చిపోయాను. అర్ధరాత్రి వానలో వచ్చాడు, డబ్బులు సగమే తీసుకున్నాడు. పైన వాటాలో ఉండే టీచరుగారు మా కుక్కకు అన్నం పెట్టారు. మావారి షాపులో పనిచేసే పిల్లాడు తాళం వేయకుండా రోజూ తెరిచాడు, జీతం అడగలేదు. ఇంకా ఎవరినైనా వదిలేస్తే ఏమీ అనుకోకండి, కింద రాయండి, కలుపుతాను.

చూడ్డానికి వచ్చేవాళ్ళు ఈ వారం ఆగండి, ఆయన పది నిమిషాలు కూర్చుంటే అలిసిపోతున్నారు. వచ్చే వారం ఇద్దరిద్దరుగా రండి. ఇంకో మాట, నీలం మూత ఉన్న మూడు గిన్నెల స్టీలు క్యారేజీ ఒకటి మాతో ఇంటికొచ్చేసింది. ఎవరిదో వచ్చి తీసుకెళ్ళండి.