వేలం తరువాత లెక్క చెప్పేదెవరు?

సంపాదకులకు,

మొండిబకాయిగా మారిన రుణానికి తాకట్టు పెట్టిన ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకొని వేలం వేయడాన్ని 2002 నాటి సర్ఫేసీ చట్టం అనుమతిస్తోంది. అందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. డిపాజిటర్ల సొమ్ముకు పూచీ ఉండాలి కదా. వివాదమంతా ఆ తరువాతే. అమ్మగా వచ్చిన సొమ్ములో ఖర్చులు, బకాయి పోగా మిగిలినది హక్కుదారుకు చెల్లించాలని 13(7) సెక్షన్ చెబుతున్నా, వాయిదా తప్పినందుకు వేసిన జరిమానా, న్యాయవాది రుసుము, కాపలా ఖర్చు ఏ పద్దు కింద ఎంత మినహాయించారని అడిగితే, అన్నీ కలిపి ఒకే అంకె వేసిచ్చి ఊరుకునే శాఖలూ ఉన్నాయి. బ్యాంకు చర్యపై 45 రోజుల్లో రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ ఓడి అప్పీలుకు వెళ్లాలంటే మాత్రం బకాయిలో సగం, అప్పీలు ట్రిబ్యునల్ తగ్గిస్తే కనీసం పాతిక శాతం, ముందే కట్టాలి. ఇల్లే పోయినవాడు ఆ సొమ్ము ఎక్కడి నుంచి తెస్తాడు? పైగా 2016 సవరణ ప్రకారం వేలం ప్రకటన వెలువడగానే బాకీ తీర్చి ఆస్తిని విడిపించుకునే హక్కు ముగుస్తుందని సుప్రీంకోర్టు 2023లో తీర్పునిచ్చింది. కనుక వేలం ముగిసిన వెంటనే పద్దులవారీ లెక్కను, అడగకముందే, రుణగ్రహీత చదవగలిగే భాషలో అందజేయాలని రిజర్వు బ్యాంకు ఆదేశించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు