బెర్లిన్ ఫర్నిష్డ్ ఫ్లాట్లు: రిజిస్ట్రేషన్ కాగితం ఇవ్వని ఇల్లు ఇక మా దగ్గర ఉండదు

బెర్లిన్‌లో ఉద్యోగం వచ్చి, మా ద్వారా ఫర్నిష్డ్ ఫ్లాట్ తీసుకుంటున్న వాళ్లకూ, తీసుకుందామనుకుంటున్న వాళ్లకూ నమస్కారం. అడ్రస్ రిజిస్ట్రేషన్‌కి సంతకం పెట్టని ఓనర్ల ఫ్లాట్లన్నీ మా జాబితాలోంచి తీసేశాం. దాంతో మా దగ్గర ఇళ్లు తగ్గాయి. ఉన్నవాటి అద్దె తీసేసినవాటి కంటే ఎక్కువే. రెండూ మీకు ఇబ్బందేనని తెలుసు. అయినా ఎందుకు చేశామో, మిగతా ఏర్పాట్లు ఎలా ఉంటాయో చెబుతాం.

జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు బ్యుర్గర్‌ఆమ్ట్ అనే పౌర సేవల ఆఫీసులో అడ్రస్ నమోదు చేసుకోవాలి. దీన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. అద్దె అగ్రిమెంటు ఒక్కటే చూపిస్తే సరిపోదు. ఫలానా మనిషి ఫలానా తేదీన ఈ ఇంట్లో దిగారని ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన ఫారం ఉండాలి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్. అది లేకుండా వెళ్తే కౌంటర్ దగ్గర్నుంచే తిరిగి రావాల్సి ఉంటుంది. రిజిస్ట్రేషన్ కాకపోతే 11 అంకెల ట్యాక్స్ నంబరు పోస్టులో రాదు. ఆ నంబరు లేకపోతే కంపెనీ ఆరో ట్యాక్స్ క్లాసు కింద జీతం కోసే ప్రమాదం ఉంది. అన్నిటికంటే పెద్ద కోత అదే. ఎక్కువగా కోసింది తర్వాత తిరిగొస్తుంది. కానీ డిపాజిట్ కట్టాల్సిన నెలల్లోనే చేతిలో డబ్బు ఆడదు. నివాస అనుమతి కార్డుకూ, కొన్ని బ్యాంకుల్లో ఖాతాకూ రిజిస్ట్రేషన్ అయినట్టు ఇచ్చే కాగితమే అడుగుతారు.

ఓనర్లు సంతకం పెట్టనంటే వెనకాల సాధారణంగా రెండు కారణాల్లో ఒకటి ఉంటుంది. మీకు ఇల్లిచ్చే మనిషి తానే అద్దెకుండి, అసలు ఓనరుకి చెప్పకుండా మీకిస్తుండొచ్చు. ఓనరుకి తెలిసిన రోజున ఆ మనిషితో పాటు మీరూ పెట్టెలు సర్దుకోవాలి. లేదా నివాసానికని ఉన్న ఇంటిని అనుమతి లేకుండా టూరిస్టులకి తిప్పుతుండొచ్చు. బెర్లిన్‌లో 2014 నుంచి దీనికి నిషేధ చట్టం ఉంది. ఇంకొందరు "ఉండేది ఇక్కడ, రిజిస్ట్రేషన్ మాత్రం వేరే అడ్రస్ మీద చేయిస్తాం" అని విడిగా డబ్బు అడుగుతారు. దానికి అస్సలు ఒప్పుకోకండి. ఎవరూ దిగని ఇంటి అడ్రస్ ఇచ్చేవాళ్లకి 50,000 యూరోల వరకు జరిమానా పడొచ్చు. తప్పుడు రిజిస్ట్రేషన్ చేయించుకున్న మీరూ దొరికిపోతారు. పైగా మీ ట్యాక్స్ ఉత్తరం ఎవరి ఇంటికో వెళ్తుంది.

ఇకనుంచి తాళాలతో పాటే సంతకం పెట్టిన ఫారం మీ చేతికిస్తాం. అందులో ముందు చూసుకోవాల్సింది పేరు. మన తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందు రాసుకోవడం, ఇనీషియల్‌తో సరిపెట్టడం అలవాటు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లూ చాలామందే. ఫారంలో, అగ్రిమెంటులో, పోస్టు పెట్టె మీద పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. పోస్టు పెట్టె గురించి ఇంతగా చెప్పడానికి కారణముంది. జర్మన్ అడ్రసుల్లో మామూలుగా ఫ్లాట్ నంబరు ఉండదు. వీధి, ఇంటి నంబరు, పిన్‌కోడ్, అంతే. పోస్టుమన్ కింద వరసగా ఉన్న పెట్టెల మీద పేరు చూసి ఉత్తరం వేస్తాడు. పేరు కనబడకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. కొన్ని వారాలు ఎదురుచూసిన ట్యాక్స్ నంబరు అలా చేజారిపోతుంది. అందుకే పాస్‌పోర్టు కాపీ పంపేటప్పుడే పెట్టె మీదా, కాలింగ్ బెల్ మీదా ఏ పేరు వేయాలో ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పంపండి. మీరు దిగేలోపు స్టిక్కర్లు అంటిస్తాం. భార్యాభర్తల ఇంటిపేర్లు వేరైతే రెండూ వేస్తాం.

అపాయింట్‌మెంట్ మీ ఏరియా ఆఫీసులోనే దొరకాలని పట్టుపట్టకండి. నగరంలోని 12 జిల్లాల్లో ఏ బ్యుర్గర్‌ఆమ్ట్‌లోనైనా రిజిస్ట్రేషన్ అవుతుంది. రద్దయిన స్లాట్లు మళ్లీ తెరుచుకుంటాయి కాబట్టి పొద్దున్నే పేజీని రిఫ్రెష్ చేస్తూ చూడండి. ప్రభుత్వ హెల్ప్‌లైన్ 115కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు. రెండు వారాలు దాటిన తేదీయే దొరికితే, గడువులోపే బుక్ చేసినట్టు ఆ కన్ఫర్మేషన్ దాచుకోండి.

డిపాజిట్ విషయం. హైదరాబాద్‌లో అడ్వాన్సు మొత్తం ముందే కట్టే అలవాటుతో చాలామంది ఇక్కడా అడిగినంతా ఒకేసారి పంపేస్తున్నారు. చట్టం ప్రకారం డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటె దాటకూడదు. అంటే హీటింగ్, నీళ్లు, మెయింటెనెన్స్ కలపని అసలు అద్దెకి మూడు రెట్లు. దాన్ని మూడు సమాన నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. మొదటి వాయిదా అద్దె మొదలయ్యేటప్పుడు కడితే చాలు. మా అగ్రిమెంట్లన్నిటిలో ఈ వాయిదాలు రాసే ఉంటాయి. ఇల్లు ఎవరి దగ్గర తీసుకున్నా సరే, ఓనరు విదేశంలో ఉన్నాడు, డబ్బు పంపితే తాళాలు కొరియర్లో వస్తాయి అంటే అది మోసమే. నమ్మకం కోసం పాస్‌పోర్టు ఫొటో పంపినా నమ్మకండి. ఆ పాస్‌పోర్టు కూడా ఇంకొకరి దగ్గర కొట్టేసిందే అయ్యుంటుంది.

అద్దెలో హీటింగ్, నీళ్లు, ఇంటర్నెట్ కలిపే ఉంటాయి. కరెంటుకి నెలకి 70 యూరోల పరిమితి పెట్టాం, దాటితే మీటరు ప్రకారం కట్టాలి. టీవీ, రేడియో ఫీజు నెలకి 18.36 యూరోలు. ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాల్సిందే, మా అద్దెలో కలవదు. ఇంటికి ఒక్కటే ఫీజు కాబట్టి ఇద్దరి పేరునా ఉత్తరాలొస్తే ఒకరి ఫీజు నంబరు చూపించి రెండోది ఆపించుకోండి. అగ్రిమెంటు నిర్ణీత కాలానికి రాస్తే, మధ్యలో వదిలే షరతు అందులో లేకపోతే, చివరిదాకా అద్దె కట్టాలి. ఆరు నెలల ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు ఆ షరతు లేకుండా సంతకం పెట్టొద్దు. మమ్మల్నడిగితే రాసిస్తాం.

డిపాజిట్లో కోతలు ఎక్కువగా వంటగదిలోనే మొదలవుతాయి. మా ఇళ్లలో చాలావాటికి ఇండక్షన్ పొయ్యిలున్నాయి. ఇంటి నుంచి తెచ్చే గిన్నె అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోకపోతే పనికిరాదు. అల్యూమినియం, హిండాలియం కుక్కర్లు, గుండ్రటి అడుగున్న మూకుళ్లు మోసుకురావద్దు. ఇండక్షన్ అడుగున్న స్టీలు కుక్కరు తెచ్చుకోండి. బరువైన పెనాన్ని గాజు మీద లాగితే గీతలు పడతాయి, ఎత్తి పెట్టండి. పొయ్యి పైనున్న చిమ్నీ చాలా ఇళ్లలో పొగని బయటికి పంపదు. జిడ్డుని జాలీలో, వాసనని బొగ్గు ఫిల్టరులో పట్టి అదే గాలిని మళ్లీ గదిలోకి వదులుతుంది. ఆవిరి ఎక్కడికీ పోదు. తాలింపు వేసేటప్పుడు కిటికీ పూర్తిగా తెరిచి, హాలు వైపు తలుపు మూసేయండి. లేకపోతే పొగ వెళ్లి నడవలోని స్మోక్ అలారం మోగిస్తుంది. జిడ్డు జాలీని రెండు మూడు వారాలకోసారి డిష్‌వాషర్లో వేయొచ్చు. బొగ్గు ఫిల్టర్లు మేమే మారుస్తాం. తెల్ల కౌంటర్ మీద పసుపు పడితే వెంటనే తుడవండి, రాత్రంతా వదిలేస్తే మరక దిగదు. రుబ్బిన పిండి, వాడిన నూనె సింకులో పోయొద్దు. మిక్సీకి ఇక్కడి 230 వోల్టులు సరిపోతాయి, మన మూడు పిన్నుల ప్లగ్గుకి మాత్రం మంచి రకం అడాప్టరు కావాలి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా, ఆదివారాలు మిక్సీ వేయకండి. ఫిర్యాదు ముందు మాకే వస్తుంది.

చలికాలంలో కిటికీ పైభాగాన్ని లోపలికి వంచి గంటల తరబడి వదిలేస్తే గోడ చల్లబడి, ఆవిరి దాని మీద నీరై మూలల్లో బూజు పడుతుంది. రోజుకి రెండు మూడు సార్లు ఐదు నుంచి పది నిమిషాలు కిటికీ బార్లా తెరిచి మూసేయండి. రేడియేటర్ మీటలో 3 దగ్గర పెడితే గది సుమారు 20 డిగ్రీలుంటుంది. ఊరెళ్లినా పూర్తిగా ఆపొద్దు. తడి బట్టలు పడకగదిలో ఆరేసి తలుపు మూయొద్దు.

ఇల్లు అప్పగించేటప్పుడు సామాన్ల జాబితా మీ ముందే లెక్కపెడతాం. చెంచాలు, గ్లాసులు, తాళంచెవులు, మీటరు రీడింగు, పరుపు మీది మరకలతో సహా ఫొటోలు తీసి ఇద్దరి దగ్గరా ఉంచుతాం. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకి కోత ఉండదు. నిజంగా పాడైన వస్తువుకి కొత్తదాని ధర కాదు, వయసు తీసేసిన విలువే పడుతుంది. పదేళ్లు వచ్చే పరుపు ఐదో ఏట పాడైతే సగం. తాళంచెవి పోతే మాత్రం ఖర్చు పెద్దది. బిల్డింగ్ మొత్తానికి ఒకే లాకింగ్ సిస్టం ఉంటే వేల యూరోల దాకా పోవచ్చు. మీవల్ల ఇతరులకి జరిగే నష్టాన్ని భరించే ఇన్సూరెన్స్‌ని హాఫ్ట్‌ఫ్లిష్ట్ అంటారు. తాళంచెవి పోయినా కవరయ్యే పాలసీని దిగిన వారంలోనే తీసుకోండి.

విద్యార్థులకి మేం ఫ్లాట్లు సూచించం. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ ఖాతా నుంచి నెలకొచ్చే 992 యూరోలు ఫర్నిష్డ్ అద్దెకే సరిపోవు. యూనివర్సిటీలో సీటు వచ్చిన రోజే విద్యార్థి సేవల సంస్థ స్టుడీరెండెన్‌వెర్క్ హాస్టల్‌కి దరఖాస్తు పెట్టండి.

దేశం వదిలి వెళ్లేవాళ్లు అడ్రస్ రద్దు ప్రయాణానికి వారం ముందు నుంచీ చేయించుకోవచ్చు, ఇల్లు ఖాళీ చేశాక రెండు వారాలు దాటకూడదు. టీవీ ఫీజు ఆపడానికి ఆ రసీదే కావాలి. డిపాజిట్ లెక్క తేలడానికి కొన్ని నెలలు పట్టొచ్చు, అప్పటిదాకా జర్మన్ బ్యాంకు ఖాతా మూయకండి. మీ ఇండియా అడ్రస్ మాకు రాసివ్వండి, మిగిలిపోయిన ఉత్తరాలు ఆ అడ్రస్‌కి పంపుతాం.