ఆపరేషన్ తర్వాతి ఐదేళ్ల మాటేమిటి? వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దగ్గర ఒక పల్లె. మా నాన్నకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ జరిగి ఏడాదిన్నర అయింది. ఆ తర్వాత ఐదేళ్లు చేయించాల్సిన చెకప్‌ల విషయం మీద ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. మూడు రసీదులూ నాన్న ఫైలులో స్కాన్ ఫిల్ముల వెనక భద్రంగా ఉన్నాయి. జవాబు ఒక్కదానికీ రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

ముందుగా ఒక మాట చెప్పాలి. ఆపరేషన్‌కు గానీ ఆ తర్వాతి ఆరు నెలల కీమోకు గానీ మేము డబ్బు కట్టలేదు, అంతా ఆరోగ్యశ్రీ కార్డు మీదే జరిగింది. రెండెకరాల బత్తాయి తోట తప్ప వేరే ఆధారం లేని ఇల్లు మాది. ఆ కార్డు లేకపోతే నాన్న ఇవాళ మా మధ్య ఉండేవాడు కాదు. ఆ మేలు మరిచిపోయి అడగడం లేదు.

డిశ్చార్జి కాగితం చివర డాక్టరు గారు నాలుగు వరుసలు రాసి ఇచ్చారు. మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి సీఈఏ అనే, క్యాన్సర్ జాడ పట్టే రక్తపరీక్ష, తర్వాత ఆరు నెలలకోసారి. మధ్యమధ్య సీటీ స్కాన్. ఏడాది నిండగానే కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష. మొత్తం ఐదేళ్లు. ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడుతుందనీ, కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో నొప్పి లేకుండా పెరుగుతుందనీ, చిన్నగా ఉండగా కనబడితే కొందరికి మళ్లీ కోసి తీసేయవచ్చనీ ఆయన ఓపికగా చెప్పారు. తండ్రికి వచ్చింది కాబట్టి నలభై ఏళ్లకల్లా నేనూ మా అన్నా కూడా పరీక్ష చేయించుకోవాలన్నారు. మా సంగతి తర్వాత, ముందు నాన్నది చూడండి.

కార్డు పడుకోబెట్టి చేసే వైద్యానికే గానీ చెకప్ స్కానుకు పనికిరాదని కౌంటరు దగ్గర చెప్పారు. సరే, చేతి డబ్బుతోనే చేయిద్దామనుకున్నాం. ఒక్క చెకప్‌కు హైదరాబాదుకు మూడుసార్లు తిరగాల్సి వస్తోంది. రక్తం ఇవ్వడానికి ఒకసారి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూశాక ఇచ్చిన తేదీన స్కానుకు ఒకసారి, రిపోర్టు పట్టుకొని డాక్టరు ఓపీ ఉన్న రోజున మరోసారి. రానూపోనూ ప్రతిసారీ రెండు వందల కిలోమీటర్లకు పైనే. బస్సులో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు టికెట్టు ఖర్చు లేదు, రోగి అయిన నాన్నకు ఉంది. కీమో వల్ల అరికాళ్లలో తిమ్మిరి ఇంకా పోలేదు, బస్సు మెట్టు ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకుంటాడు.

ఇక కొలనోస్కోపీ సంగతి. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయక తప్పదు. ఆ పరీక్షకు పేగు పూర్తిగా శుభ్రం కావాలి. రెండు లీటర్ల నీళ్లలో పొడి కలుపుకొని ముందురోజు సాయంత్రం కొంత, తెల్లవారుజామున మిగిలింది తాగాలి. తాగినవాడు మరుగుదొడ్డికి నాలుగడుగుల దూరంలోనే ఉండాలి. మా ఊళ్లో తాగి బస్సెక్కడం కుదరదు కనుక ముందురోజే వెళ్లి లాడ్జిలో గది తీసుకున్నాం. రాత్రంతా నాన్నకు నిద్ర లేదు. అంతకుముందు రోజు నుంచీ గంజి, కొబ్బరినీళ్లే ఆహారం. ఉదయం ఏడింటికి వరుసలో కూర్చుంటే మధ్యాహ్నం ఒంటిగంటకు మిషను పాడైందని, వచ్చే గురువారం రమ్మని చెప్పారు.

తిరుగు ప్రయాణంలో మందు ప్రభావం ఇంకా దిగలేదు. నాన్న రెండుసార్లు బస్సు ఆపించాడు. కండక్టరు మంచివాడు, ఏమీ అనలేదు. మూడోసారి ఆపమని అడగడానికి నాన్నకు నోరు రాలేదు. తువ్వాలు ముఖానికి కప్పుకొని చివరి సీటులో కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక అమ్మకు చెప్పవద్దన్నాడు. ఇప్పుడు ఇలా రాసినందుకు బాధపడతాడని నాకు తెలుసు. కానీ ఇంకెలా చెబితే మీకు చేరుతుంది సార్?

ఆ గురువారం మేము వెళ్లలేదు. ఆ తర్వాతా వెళ్లలేదు. "బాగానే ఉన్నాను కదా బిడ్డా, ఎందుకు?" అంటాడు. నాకు భయమేసేది ఆ మాటకే. వార్డులో మా పక్క మంచం మీద కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉండేది. ఆమెకూ ఇదే ఆపరేషన్. ఆమె కూడా బాగానే ఉన్నానని రెండు స్కాన్లు మానేసింది. కళ్లు పచ్చబడ్డాక తీసుకొస్తే, కాలేయం నిండా ఉందనీ ఇక కోయలేమనీ చెప్పారట.

సార్, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. 2021లో డయాగ్నస్టిక్ హబ్ కూడా వచ్చింది. పల్లెల ఆరోగ్య కేంద్రాల నుంచి షుగరు, థైరాయిడ్ పరీక్షల రక్తం రోజూ అక్కడికి వెళుతుంది. ఆ బండిలోనే మా నాన్న రక్తం గొట్టం కూడా వెళ్లేలా చూడండి. సీటీ స్కాన్ నల్లగొండలో తీసినా హైదరాబాదు డాక్టర్లు ఒప్పుకునేలా ఒక ఉత్తర్వు ఇవ్వండి. నెలకొక రోజు క్యాన్సర్ డాక్టరును జిల్లాకు పంపండి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వాళ్లదీ మా కష్టమే, వాళ్లకూ అలాగే చేయండి. ఆపరేషన్‌కు పనికొచ్చిన కార్డు ఆ ఆపరేషన్‌ను నిలబెట్టే పరీక్షలకూ పనికొచ్చేలా చేయండి. ఇదే మాట మూడు అర్జీల్లోనూ రాశాను, మళ్లీ రాస్తున్నాను.

ఇవన్నీ జరగడానికి సమయం పడుతుందంటే ఒక్కటైనా వెంటనే చేయించండి. కొలనోస్కోపీ మిషను పనిచేస్తోందో లేదో రోగి ఆ పొడి తాగకముందే ఫోను చేసి చెప్పమనండి. మా నంబరు ఫైలు మీదే రాసి ఉంది. అలా ఎవరైనా ఫోను చేస్తే మళ్లీ తాగుతానని నాన్న నాకు మాట ఇచ్చాడు.

ఇట్లు
దేవరకొండ ప్రాంతం నుంచి ఒక కూతురు